ఎర్రబడ్డ కంటికి స్టెరాయిడ్ చుక్కలు చూడకుండా వేయకండి, అడగ్గానే అమ్మకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ నల్గొండ జిల్లా పేజీలో కండ్లకలక గురించి ఒక చిన్న బాక్సు వేశారు. చేతులు కడుక్కోవాలి, తువ్వాలు ఎవరిది వాళ్లకు ఉండాలి, కన్ను నలపొద్దు, ఇవన్నీ బాగున్నాయి. చివర్లో మాత్రం "తగ్గకపోతే మెడికల్ షాపులో చుక్కల మందు తీసుకుని వేసుకోవాలి" అని ఒక లైను ఉంది. ఆ లైను దగ్గర నేను ఆగిపోయాను. సరిగ్గా అలాంటి మాట విని, అలాంటి మందు వేసుకునే నా కుడి కంట్లో పువ్వు పడింది. అందుకే ఈ ఉత్తరం. పొడుగ్గా ఉంటుంది, జాగా లేకపోతే నా కథ కత్తిరించండి, మందు గురించి రాసింది మాత్రం ఉంచండి.

నాది హాలియా దగ్గర ఊరు. సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాల వరి, మిగతా రోజుల్లో ఒక బియ్యం మిల్లులో లెక్కలు రాస్తాను. 2022 ఏప్రిల్‌లో యాసంగి కోతలు నడుస్తున్నాయి. కోతకు రెండు మూడు రోజుల ముందు జ్వరం వచ్చి పోయింది, పెదవి మీద నీటి పొక్కులు లేచాయి, జ్వరం పొక్కులేలే అని వదిలేశాను. కోత మిషన్ వెనకాల దుమ్ములో నిలబడ్డ రోజు సాయంత్రానికి కుడి కన్ను ఎర్రగా అయింది. ఇసుక పోసినట్టు గరగర, ఆగకుండా నీళ్లు, బల్బు వెలుతురు కూడా చూడలేకపోయాను. వడ్ల పొట్టు పడిందనుకున్నాను. పక్కింటి పెద్దమ్మ చీర కొంగుతో నలుసు తీయబోయింది, ఏమీ రాలేదు. నందివర్ధనం పూలు పెట్టుకుని పడుకున్నాను. తెల్లారి మెడికల్ షాపుకు పోతే ఆయన కన్ను వైపు సరిగ్గా చూడను కూడా లేదు, "ఇది వేస్కో అన్నా, రేపు పొద్దున్నకల్లా ఎరుపు పోతది" అని ఒక సీసా ఇచ్చాడు. యాభై రూపాయల లోపే.

ఎరుపు నిజంగానే పోయింది. ఇదే అసలు సంగతి. రెండో రోజుకే కన్ను తెల్లబడింది, నొప్పి తగ్గింది, నేను పొలానికి పోయాను, ఆ షాపాయన్ని పదిమందికి మెచ్చుకుని చెప్పాను. చూపు కొంచెం మసకగా ఉంటే మందు జిడ్డు అనుకున్నాను. చుక్కలు ఆపితే మళ్లీ ఎర్రబడేది, మళ్లీ వేసేవాణ్ణి. అట్లా ఇరవై రోజులు. ఒకరోజు మిల్లులో ఎడమ కన్ను మూసి చూస్తే లెక్కల పుస్తకంలో అంకెలు కనపడలేదు. అప్పుడు కాళ్లు వణికినయి.

మిర్యాలగూడలో కంటి డాక్టరమ్మ గడ్డం ఆనించే మిషన్ మీద కూర్చోబెట్టి, పసుపు రంగు పూసిన కాగితం ముక్క కంటికి తాకించి, నీలం లైటు వేసి చూసింది. ఫోన్లో ఫోటో తీసి చూపించింది. నల్లగుడ్డు మీద పచ్చగా మెరుస్తూ ఒక పెద్ద మరక, అంచులు వంకరటింకరగా, గోడకు తగిలించిన దేశపటంలాగా. "ఇది హెర్పీస్ వైరస్ పుండు. మొదట్లో సన్నగా చెట్టు కొమ్మలాగా ఉంటది. మీరు వేసిన చుక్కల వల్ల ఇట్లా పరుచుకుంది" అన్నది. తర్వాత దూదిని సన్నగా పేని దాని కొసతో రెండు కండ్లనూ తాకింది. ఎడమ కన్ను టక్కున మూసుకుంది. కుడి కంటికి తాకినట్టే తెలియలేదు. వైరస్ ఆ కంటి నరాలను మొద్దుబార్చింది. నొప్పి తగ్గిందని నేను సంతోషపడ్డ ఇరవై రోజుల్లో లోపల జరిగింది అది.

సీసా చూపించమంటే జేబులోంచి తీసి ఇచ్చాను. సన్నటి అక్షరాల్లో ఒక యాంటీబయాటిక్ పేరు, దాని పక్కన డెక్సామెథాసోన్ అని ఉంది. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, ఈ మూడింటిలో ఏది కనపడినా అది స్టెరాయిడ్ అని గుర్తుపెట్టుకోండి. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది, వైరస్‌ను ఏమీ చేయదు. కాబట్టి ఆ సీసాలో నా కంటికి మేలు చేసేది ఒక్కటీ లేదు, కీడు చేసేది ఒకటి ఉంది.

కీడు ఎట్లా చేసిందనేది నాకు అప్పుడు అర్థం కాలేదు. మా చిన్నమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చదువుతోంది, ఆ సెలవుల్లో నాకు రోజుకు ఐదుసార్లు మందు పెట్టింది తనే. మందు పెడుతూ కూర్చుని చెప్పేది. నాకు తెలిసిన భాషలో ఇక్కడ రాస్తున్నాను, తప్పుంటే అది నాది, తనది కాదు.

నల్లగుడ్డు ముందు అద్దంలాంటి పొర ఉంటుంది, కార్నియా అంటారు. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు. అందులో రక్తనాళం ఒక్కటి కూడా ఉండదు, ఉంటే చూపుకు అడ్డం. గాలిలోని ఆక్సిజన్, పైన కన్నీళ్లు, లోపల ఉండే నీరు, వీటితోనే బతుకుతుంది. ఆ పొరలో కొల్లాజెన్ అనే పీచులు ఒకదానికొకటి సమాన దూరంలో, తాడు పట్టి నాటేసిన వరి వరుసల్లాగా ఉంటాయట. ఆ వరుస చెడనంత కాలమే వెలుతురు అందులోంచి సూటిగా పోతుంది.

వైరస్ ఆ పొర పైభాగంలో దూరగానే అది సోకిన కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం వదిలి పక్క కణాలను హెచ్చరిస్తాయి. కంటి అంచుల్లో ఉన్న రక్తనాళాలు ఉబ్బుతాయి, వాటి గోడల్లోంచి తెల్లరక్తకణాలు బయటికొచ్చి కార్నియా వైపు నడుస్తాయి. ముందు వచ్చేవి న్యూట్రోఫిల్స్, సోకిన కణాలను చంపే ఎన్‌కే కణాలు, చెత్తను మింగే మాక్రోఫేజ్‌లు. ఇంకోరకం కణాలు వైరస్ ముక్కను పట్టుకుని చెవి ముందున్న లింఫు గ్రంథికి మోసుకుపోతాయి, అక్కడ టీ కణాలు అనే ఇంకోరకం తెల్లరక్తకణాలు ఆ ముక్కను చూసి ఈ వైరస్ కోసమే తయారవుతాయి. కండ్లకలక వచ్చినప్పుడు చెవి ముందర వేలుపెట్టి చూడండి, చాలామందికి బఠానీ గింజంత గడ్డ తగులుతుంది, నొక్కితే నొప్పి. అక్కడ జరిగే పని అదే. నాకు కూడా ఆ గడ్డ ఉండింది, పంటి నొప్పి అనుకున్నాను.

ఇప్పుడు స్టెరాయిడ్ ఏం చేస్తుందో చూడండి. ఉబ్బిన నాళాలను ముడుచుకునేలా చేస్తుంది, కణాలు గోడ దాటకుండా ఆపుతుంది, అవి ఒకదాన్నొకటి పిలుచుకునే సంకేతాలను తగ్గిస్తుంది. ఎరుపు పోయేది అందుకే. కాపలావాళ్లను ఇంటికి పంపించి దొంగను లోపలే వదిలేసినట్టు. పైపొరలో వైరస్ ఇంకా పిల్లలు పెడుతున్న సమయంలో ఇది చేస్తే ఇక దానికి అడ్డమే లేదు, నా కంట్లో కొమ్మ దేశపటమైంది ఇట్లాగే.

డాక్టరమ్మ స్టెరాయిడ్ ఆపించి ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు, కంటి ఆయింట్‌మెంట్ రాసింది, రోజుకు ఐదుసార్లు. ఈ మందు తయారీ వెనకున్న శాస్త్రవేత్తల్లో గెర్ట్రూడ్ ఇలియన్ అనే ఆవిడకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నోబెల్ మందు కోసం నేను మిర్యాలగూడలో ఐదు షాపులు తిరిగాను, ఆరో షాపులో ఒక్క ట్యూబు దొరికింది. నా కన్ను చెడగొట్టిన రకం సీసాలు మాత్రం ఆరు షాపుల్లోనూ అద్దాల వెనకాల వరసగా కనపడుతున్నాయి. ఇది రాస్తుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మూడు నాలుగు వారాల్లో పుండు మానింది, చూపు చాలావరకు తిరిగొచ్చింది. అయిపోయిందనుకున్నాను. హెర్పీస్ అట్లా అయిపోయేది కాదు. ముఖం నుంచి స్పర్శను మోసుకుపోయే నరం పుర్రె లోపల, చెవికి ముందు వైపున ఒక ముడిలాగా ఉంటుంది, వైరస్ అందులోకి పోయి ఏళ్లకేళ్లు పడుకుంటుంది. అక్కడ దాని పక్కనే సీడీ-8 అనే టీ కణాలు కాపలా కూర్చుంటాయి. మామూలుగా ఈ కణాల పని వైరస్ సోకిన కణాన్ని చంపేయడం, కానీ నరకణం చస్తే మళ్లీ పుట్టదు కదా, అందుకని అక్కడ మాత్రం చంపకుండా వైరస్ తయారీని అణిచిపెట్టి ఉంచుతాయని 2008లో ఎలుకల మీద ప్రయోగాలతో తేల్చారు. మా అమ్మాయి ఇది చెప్పినప్పుడు నేను రెండుసార్లు చెప్పించుకున్నాను. మన ఒంట్లో ఇంత తెలివైన పని మనకు తెలియకుండా నడుస్తుందా అని.

2023 నవంబర్‌లో అదే కన్ను మళ్లీ ఎర్రబడింది. ఈసారి తెలివి వచ్చింది కాబట్టి ఆ రోజే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. నీలం లైటులో పచ్చ మరక ఏమీ లేదు. పైన పుండు లేదు, లోపలి పొర మాత్రం వాచి పాలు కలిపినట్టు తెల్లగా ఉంది, అంచు నుంచి సన్నటి రక్తనాళాలు రెండు లోపలికి పాకుతున్నాయి. ఆవిడ చీటీ రాసిచ్చింది. చదివితే ప్రెడ్నిసోలోన్ చుక్కలు. నాకు కోపం ఆగలేదు. "మేడం, అప్పుడు ఇది విషమన్నారు, ఇప్పుడు మీరే రాస్తున్నారా" అని గట్టిగానే అడిగాను.

ఆవిడ కోప్పడలేదు. వెనకాల ఇంకా పాతికమంది ఉన్నా కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది. "పోయినసారి పైపొరలో వైరస్ పెరుగుతుండె. దాన్ని ఆపేటోళ్లను మీ చుక్కలు ఆపినయి. ఈసారి వైరస్ పెద్దగా లేదు, దాని ముక్కలు మిగిలినయి. వాటి మీదికి వచ్చిన కణాలు తిరిగి పోతలేవు. మీ కంటిని ఇప్పుడు పాడు చేస్తున్నది అవే."

నేను రైతును కాబట్టి నాకిట్లా అర్థమైంది. పక్క పొలంలో కొయ్యకాలు తగలబెడితే నిప్పు ఎగిరి మన కోయని మడిలో పడుతుంది. ఊరంతా పరిగెత్తుకొస్తుంది, నీళ్లతో, వేప మండలతో. నిప్పు ఆరుతుంది. కానీ ఆ తొక్కుళ్లలో మడి మడంతా నేలకు కరుస్తుంది, మంటకు కాలింది గుంటెడైతే కాళ్ల కింద పోయింది పది గుంటలు. కంట్లో సీడీ-4 అనే టీ కణాలు కేక వేసి న్యూట్రోఫిల్స్‌ను పిలుస్తాయి. ఆ న్యూట్రోఫిల్స్ వదిలే ఎంజైములు వైరస్‌నే కాదు, వరుసగా ఉన్న కొల్లాజెన్ పీచులను కూడా అరగదీస్తాయి. రక్తనాళాలు లేని చోటుకు కొత్త నాళాలు వస్తాయి, వాటి వెంట ఇంకా కణాలు వస్తాయి. మానేటప్పుడు పీచులు మళ్లీ అల్లుకుంటాయి గానీ వరుస ఉండదు, అదే తెల్లటి మచ్చ. మనం పువ్వు అనేది దాన్నే.

ఇది ఎలుకల్లో చూశారు. టీ కణాలు పుట్టుకతో లేని ఎలుకల కంటికి ఈ వైరస్ ఎక్కిస్తే కార్నియా లోపలి పొరలో ఆ మచ్చ రోగం రాలేదు. వినడానికి బాగుంది కదా, అయితే ఆ ఎలుకలు బతకలేదు, వైరస్ మెదడుకు పాకి చచ్చిపోయాయి. కన్ను పాడు చేసేది, ప్రాణం కాపాడేది ఒకే రకం కణాలు. నాకు ఈ ఒక్క ముక్క తెలిశాక నా కంటి మీద నాకున్న కోపం కొంత తగ్గింది.

అసలు మన శరీరమే కంటి విషయంలో ఈ జాగ్రత్త పడుతుంది. 1940లలో పీటర్ మెడావర్ అనే శాస్త్రవేత్త కుందేలు కంటి లోపల వేరే కుందేలు చర్మపు ముక్క పెట్టి చూస్తే, వేరేచోట అయితే శరీరం తిప్పికొట్టే ఆ ముక్క అక్కడ నిలిచింది. కంట్లో గొడవ జరిగితే చూపు పోతుంది కాబట్టి రక్షణ కణాలు అక్కడ గొంతు తగ్గించి ఉంటాయి. ఆయనకు 1960లో నోబెల్ వచ్చింది, అయితే అది శరీరం పరాయి కణాలను ఓర్చుకోవడం నేర్చుకోగలదని తేల్చినందుకు. చనిపోయినవాళ్ల కార్నియా తీసి ఇంకొకరికి పెడితే మిగతా అవయవాల కంటే సులువుగా అతుక్కోవడానికి కూడా ఇదొక కారణం. నాలాంటివాళ్లకు మాత్రం ఆ వెసులుబాటు తక్కువ, ఎందుకంటే రక్తనాళాలు పాకిన కార్నియా తీసి కొత్తది పెడితే ఆ నాళాల దారిలోనే కణాలొచ్చి తిప్పికొట్టొచ్చు, వైరస్ కూడా తిరగబెట్టొచ్చు.

ఆ రెండోసారి స్టెరాయిడ్ చుక్కలతోపాటు ఎసైక్లోవిర్ మాత్రలు తప్పకుండా వేసుకోమంది, చుక్కలు నెలల తరబడి తగ్గించుకుంటూ పోయింది, ప్రతిసారీ కంటి ప్రెషర్ చూసింది. స్టెరాయిడ్ ఎక్కువ కాలం వాడితే నీటికాసులు, శుక్లాలు రావొచ్చు. 1994లో అమెరికాలో ఒక పెద్ద పరీక్షలో, లోపలి పొర వాచిన వాళ్లకు వైరస్ మందుతోపాటు స్టెరాయిడ్ చుక్కలు ఇస్తే, జబ్బు అట్లాగే ఉండిపోయే లేదా ముదిరే ప్రమాదం 68 శాతం తగ్గింది. అంటే స్టెరాయిడ్ నా కంటికి ఒకసారి శత్రువు, ఇంకోసారి అదే దిక్కు. ఎప్పుడు శత్రువో, ఎప్పుడు దిక్కో నీలం లైటు వేసి చూసినవాళ్లకే తెలుస్తుంది, షాపు కౌంటర్ అవతల నిలబడి ఎవరూ చెప్పలేరు. నేను ఇంత పొడుగ్గా రాస్తున్నది ఈ ఒక్క మాట కోసం.

ఇప్పుడు రోజూ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి 400 మిల్లీగ్రాముల ఎసైక్లోవిర్ మాత్ర వేసుకుంటున్నాను. 1998లో వచ్చిన పరీక్షలో 703 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఏడాదిపాటు ఇట్లా ఇచ్చి చూశారు, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 32 శాతం మందికి కంటిజబ్బు తిరగబెడితే ఈ మాత్ర వేసుకున్నవాళ్లలో 19 శాతానికి తగ్గింది. పూర్తిగా ఆగదు, అయినా నాకది చాలు.

మళ్లీ కండ్లకలక దగ్గరికి వస్తాను, మీ బాక్సు దాని గురించే కదా. 2023 వానాకాలంలో రాష్ట్రమంతా కండ్లకలక ఎట్లా లేచిందో మీరే రోజూ రాశారు, హాస్టళ్లలో గదులకు గదులు. మా ఊళ్లో కూడా. కండ్లకలక చాలావరకు వేరే వైరస్‌లతో వస్తుంది, వారం రెండు వారాల్లో మన కణాలు, యాంటీబాడీలే దాన్ని తుడిచేస్తాయి. చల్లటి గుడ్డ, శుభ్రం, ఓపిక చాలు. ఆ రోజుల్లో నేను మా షాపు దగ్గర నిలబడి చూశాను, వచ్చిన ప్రతి తల్లికీ అదే రకం సీసా. ఒకావిడను ఆపి చెప్పబోతే "బడికి రానీయరన్నా, ఎరుపు పోతేనే రానిస్తరు" అన్నది. నేనేమీ మాట్లాడలేకపోయాను. ఆ తల్లి తప్పేముంది. కానీ కుందేళ్ల మీద ప్రయోగాల్లో ఏం తేలిందంటే, కండ్లకలక తెచ్చే ఎడినోవైరస్ ఉన్న కంట్లో స్టెరాయిడ్ వేస్తే వైరస్ కంట్లోంచి బయటికి వచ్చే రోజులు ఇంకా పెరిగాయి. అంటే కన్ను తెల్లగా కనపడే పిల్లవాడు బెంచీ మీద పక్కవాడికి అంటిస్తూనే ఉండొచ్చు.

కొందరికి కండ్లకలక తగ్గిన వారం పదిరోజులకు కార్నియాలో చుక్కలు చుక్కలుగా మచ్చలు వస్తాయి, లైట్లు చెదిరినట్టు కనపడతాయి. అక్కడ మిగిలిన వైరస్ ముక్కల చుట్టూ తెల్లకణాలు గుంపుగా కూడిన జాగాలవి. నెలల్లో వాటంతటవే కరుగుతాయి. స్టెరాయిడ్ వేస్తే వెంటనే మాయమవుతాయి, ఆపగానే మళ్లీ వస్తాయి, అట్లా ఆ సీసాకు అలవాటుపడ్డవాళ్లు మా మిల్లులోనే ఇద్దరున్నారు.

ఇంకొకటి చెప్పాలి, ఇది పాలమూరు వైపు సంగతి. మా అత్తగారిది జడ్చర్ల దగ్గర. పోయిన ఎండాకాలం ఆమె నుదుటి మీద ఒకవైపే మంట, ఆ తర్వాత గుత్తులు గుత్తులుగా పొక్కులు. సర్పి అన్నారు, కొందరు అక్కి అంటారు. కుమ్మరాయన దగ్గర ఎర్రమన్నుతో రాయించారు. రాసినాయన మంచివాడు, పైసా తీసుకోలేదు, ఆయన్ని నేనేమీ అనను. కానీ నాలుగు రోజులు అట్లా పోయాయి. ముక్కు కొసకు పొక్కు వచ్చిందని ఫోన్లో చెప్పినప్పుడు మా అమ్మాయి "నాయినా, ఇయ్యాలనే తీసుకపోదాం, అమ్మమ్మ కంటికి వస్తది" అని పట్టుబట్టింది. ముక్కు కొసకూ కంటికీ ఒకే నరం కొమ్మ పోతుంది, అక్కడ పొక్కు లేస్తే కన్ను కూడా ప్రమాదంలో ఉన్నట్టు. చిన్నప్పుడు అమ్మవారు (ఆటలమ్మ, చికెన్‌పాక్స్) పోసినప్పటి వైరస్సే అదే నరం ముడిలో దాక్కుని, వయసు పైబడి టీ కణాల కాపలా సడలినప్పుడు లేస్తుంది. పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు వైరస్ మాత్రలు మొదలుపెడితే మేలు ఎక్కువ. మేము ఆ గడువు దాటించాం. కన్ను దక్కింది, కానీ ఇప్పటికీ నుదురు ముట్టుకోనివ్వదు. 50 దాటినవాళ్లకు దీనికి టీకా 2023 నుంచి మన దేశంలో అమ్ముతున్నారు, దాని ధర మా ఇండ్లలో ఎవరూ పెట్టలేరు. సర్కారు దీని గురించి ఆలోచించాలి.

కాబట్టి మీకు నా విన్నపం, వచ్చేసారి ఆ బాక్సు వేసినప్పుడు చివరి లైను మార్చండి. ఒక్క కన్నే ఎర్రబడితే, వెలుతురు చూడలేకపోతే, చూపు మసకబారితే, లోపల నొప్పి ఉంటే, పెదవి మీద గానీ నుదుటి మీద గానీ పొక్కులుంటే, ఇంతకుముందు ఎప్పుడైనా అదే కన్నుకు ఇట్లా అయి ఉంటే, అది మామూలు కండ్లకలక అనుకోకుండా ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలని రాయండి. వడ్లగింజ, పత్తి పుల్ల తగిలిన కంటికైతే ఇంకా జాగ్రత్త, అందులో బూజు (ఫంగస్) పట్టొచ్చు, దాని మీద స్టెరాయిడ్ పడితే కన్ను రోజుల్లో పోవచ్చు. మన జిల్లాల్లో కోతల కాలమంతా ఇవే కేసులని డాక్టరమ్మే చెప్పింది. హైదరాబాద్ పోగలిగినవాళ్లకు మెహిదీపట్నంలో సరోజినీదేవి సర్కారు దవాఖాన ఉంది, కానీ కూలి పోగొట్టుకుని అంతదూరం ఎవరు పోతారు. ఆ పసుపు కాగితం, ఆ నీలం లైటు పెద్ద ఖరీదైనవి కావు, మండలాల్లో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉంచి, చూడటం నేర్పిస్తే చాలు. కంటివెలుగులో ఊరూరా తిరిగి అద్దాలిచ్చిన రాష్ట్రం మనది, ఇది చేయలేమా.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్లకు కూడా ఒక మాట. స్టెరాయిడ్ కంటి చుక్కలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన ఉంది, సీసా మీద హెచ్చరిక కూడా అచ్చు వేసి ఉంటుంది. నేను మొన్న పరీక్షగా మూడు షాపుల్లో అడిగాను, మూడు చోట్లా ఇచ్చారు, ఒక్కరూ చీటీ అడగలేదు. ఆర్‌ఎంపీ అన్నలకు కూడా చెబుతున్నాను, రాత్రిపూట మీరే మాకు దిక్కు, మీ మీద గౌరవం ఉంది, కంటి విషయంలో మాత్రం ఆ సంచిలోంచి ఆ సీసా తీసేయండి.

నా పేరు అచ్చు వేయకండి, ఆ షాపాయన మా ఊరివాడే, రోజూ ఎదురుపడతాడు. ఆయన కూడా తెలియక ఇచ్చాడు. ఈ ఉత్తరం వేస్తే ఆ కాగితం ఆయనకే మొదట చూపిస్తాను. బడులు జూన్‌లో తెరిచేలోపు, వానలు మొదలుకాకముందు వేయగలిగితే మంచిది.

ఇట్లు,
ఒక రైతు, హాలియా, నల్గొండ జిల్లా